క్యారవాన్‌లో చలి: హీటర్ కొనేముందు చూడాల్సింది ప్లగ్ పాయింట్

హైదరాబాద్‌లో రూమ్ హీటర్ కావాలని అడిగితే చాలా షాపుల్లో చెయ్యి ముందు గీజర్ల వైపే చూపిస్తుంది. షాపువాళ్లను అని లాభం లేదు. ఈ ఊళ్లో గదిని వేడి చేసుకోవాల్సిన అవసరం ఏడాదికి పట్టుమని పది రోజులు రాదు. నగరంలో ఇప్పటివరకూ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు రాత్రిళ్లు పది డిగ్రీల లోపుకు దిగినా ఓ రగ్గు, ఓ స్వెట్టరుతో గడిచిపోతుంది. చిక్కల్లా ట్రావెలర్ వ్యాన్‌ని క్యారవాన్‌గా మార్పించుకుని డిసెంబర్‌లో లంబసింగికో, అరకుకో, ఇంకాస్త ధైర్యం చేసి లేహ్‌కో బయలుదేరేవాళ్లకే. సినిమా షూటింగుల దగ్గర ఆగే క్యారవాన్లకు ఈ బాధ లేదు, పక్కనే జనరేటర్ వ్యాన్ ఉంటుంది. సొంత బండిలో వెళ్లే కుటుంబానికి కరెంటు ఎక్కణ్నుంచి వస్తుందన్నదే అసలు ప్రశ్న. హీటర్ బ్రాండు, మోడలు, రంగు అన్నీ దాని తర్వాతే.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. ‘ఆయిల్ హీటర్ కరెంటు తక్కువ తాగుతుంది’, ‘సిరామిక్‌ది ఎక్కువ వేడి ఇస్తుంది’ అని షోరూంలో చెప్తుంటారు. వెయ్యి వాట్లు తీసుకునే ఏ హీటరైనా వెయ్యి వాట్ల వేడే ఇస్తుంది. తీగ ఎర్రబడినా, నూనె కాగినా, ఫ్యాన్ గాలి ఊదినా లెక్క మారదు. గంట నడిస్తే ఒక యూనిట్ ఖర్చు, ఒక యూనిట్ వేడి. ధర ఐదింతలు పెట్టినంత మాత్రాన అదనంగా ఒక్క డిగ్రీ రాదు. ఆ వేడి ఎంత త్వరగా వస్తుంది, గదంతా పాకుతుందా, మనిషికే తగులుతుందా, చప్పుడు చేస్తుందా, కర్టెన్ అంటుకునే ప్రమాదం ఉందా అన్నవే ఒక రకానికీ ఇంకో రకానికీ ఉన్న తేడాలు. వ్యాన్‌లో ఈ తేడాలకు ఇంట్లో కంటే విలువ ఎక్కువన్నది నిజమే. కానీ అవి రెండో మెట్టు.

మొదటి మెట్టు, బండికి ఎంత వేడి కావాలన్నది. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, కాగితం మీద వేసుకోవచ్చు. డ్రైవర్ సీటు వెనక నాలుగు మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 1.9 మీటర్ల ఎత్తు ఉన్న గది అనుకుందాం. నేల, పైకప్పు, గోడలు అన్నీ కలిపితే దాదాపు 36 చదరపు మీటర్లు. లోపల ఏమీ వేయని ఉత్త రేకు ఒక్కో చదరపు మీటరు నుంచి, లోపలికీ బయటికీ ఉన్న ఒక్కో డిగ్రీ తేడాకి, ఐదారు వాట్ల వేడి బయటికి పోతుంది. లంబసింగిలో తెల్లవారుజామున బయట 4 డిగ్రీలు ఉండి లోపల 20 కావాలంటే తేడా 16 డిగ్రీలు. అంటే మూడు వేల వాట్లు దాటిపోతుంది. దేశంలో మామూలుగా దొరికే బ్లోయర్ 2,000 వాట్లు. ఒకటిన్నర బ్లోయర్లు రాత్రంతా నిర్విరామంగా తిరగాలన్నమాట. చిల్లుకుండలో నీళ్లు పోయడం ఇదే.

అదే గోడలకు, పైకప్పుకు, నేలకు అంగుళం మందం ఫోమ్ సరిగ్గా అతికిస్తే, చదరపు మీటరుకు పోయే వేడి ఒక వాటు పైచిలుకుకి పడిపోతుంది. నాలుగు చదరపు మీటర్ల అద్దాలను అలాగే వదిలేసి లెక్కేసినా, అదే చలిలో కావాల్సింది వెయ్యి వాట్లు, గాలి మార్పిడితో కలిపి. ఆ వెయ్యిలోనూ 350 వాట్లు ఒక్క అద్దాలే తినేస్తాయి. మొత్తం గోడలు, నేల, పైకప్పులో తొమ్మిదో వంతు ఉన్న అద్దం, పోయే వేడిలో మూడో వంతు పట్టుకుపోతోంది. కాబట్టి కిటికీల కొలతకు కత్తిరించిన ఫోమ్ షీట్లు, వాటికి రేకు కాగితం అతికించినవి, రాత్రిపూట లోపలినుంచి బిగిస్తే వచ్చే లాభం ఏ ఖరీదైన హీటరూ ఇవ్వదు. ముందు అద్దం పెద్దది కాబట్టి డ్రైవర్ క్యాబిన్‌కీ వెనక గదికీ మధ్య మందపాటి దుప్పటి లాంటి పరదా తప్పనిసరి.

హైదరాబాద్‌వాళ్లకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ఇక్కడ బండికి ఇన్సులేషన్ ఎలాగూ చేయించాల్సిందే. మే నెల ఎండలో, 42 డిగ్రీల్లో, రేకు బండి లోపల ఏసీ ఎంత మొత్తుకున్నా చల్లబడదు. ఎండ కోసం వేయించిన ఫోమే చలికీ పనికొస్తుంది. బండి కట్టించేటప్పుడు లోపలి ప్లైవుడ్ చూసి మురిసిపోయేవాళ్లే ఎక్కువ. దాని వెనక ఏం నింపారో బోర్డు బిగించకముందే వెళ్లి చూసుకోవాలి, తర్వాత చూపించమంటే ఎవరూ విప్పరు.

ఇక కరెంటు. బండి నిలిపిన చోట ప్లగ్ పాయింట్ లేకపోతే ఎలక్ట్రిక్ హీటర్ గురించి దాదాపు మరచిపోవచ్చు. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే 150 ఏహెచ్ బ్యాటరీనే తీసుకుందాం. పన్నెండు వోల్టులతో గుణిస్తే 1,800 వాట్-అవర్లు, అంటే రెండు యూనిట్లు కూడా లేదు. లెడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి చేతికొచ్చేది 900. వెయ్యి వాట్ల హీటర్ పెడితే ఇన్వర్టర్‌లో పోయేది కలుపుకుని బ్యాటరీ నుంచి తొంభై యాంప్స్ పైన లాగుతుంది. అంత లోడు మీద లెడ్ బ్యాటరీ రాసిన కెపాసిటీ కూడా ఇవ్వదు. అరగంట నడిస్తే గొప్పే. 200 ఏహెచ్ లిథియం పెట్టినా రెండు గంటలు. రాత్రి పదకొండుకు పడుకుంటే ఒంటిగంటకు చలి మళ్లీ లోపలే ఉంటుంది, పైగా పొద్దున ఫ్రిజ్‌కీ, పంపుకీ చార్జ్ ఉండదు. పైకప్పు మీద 400 వాట్ల సోలార్ ఉన్నా చలికాలపు రోజంతటికీ ఒకటిన్నర యూనిట్ వస్తే మంచి రోజు కిందే లెక్క. లంబసింగి లాంటి చోట పొగమంచు తొమ్మిదింటిదాకా విడవదు.

సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే పన్నెండు వోల్టుల ‘కార్ హీటర్లు’ ఆన్‌లైన్‌లో కుప్పలుగా కనిపిస్తాయి. ఆ సాకెట్ ఫ్యూజు పది, పదిహేను యాంప్స్. అంటే మహా అయితే 120 నుంచి 180 వాట్లు. ఇద్దరు మనుషులు ఊరికే కూర్చుంటే వాళ్ల ఒంట్లోంచి వచ్చే వేడి అంతకంటే ఎక్కువ. కొనకపోవడమే మేలు. బండి నడుస్తున్నంతసేపూ ఇంజిన్ వేడినీళ్లతో పనిచేసే క్యాబిన్ హీటర్ ఎలాగూ ఉంటుంది, ఉచితం కూడా. గమ్యం చేరేముందు అరగంట దాన్ని పూర్తిగా తిప్పి వెనక గదిలోకి గాలి మళ్లిస్తే, రాత్రి హీటర్ మీద పడే భారం కొంత తగ్గుతుంది. ఇంజిన్ ఆన్‌లో పెట్టి పడుకోవడం మాత్రం వద్దు. పొగగొట్టం ఎక్కడైనా లీకైతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాడికి తెలిసే అవకాశమే లేదు. పెట్రోల్ జనరేటర్‌ని బండి పక్కన, కిటికీ కింద పెట్టడమూ అంతే ప్రమాదం.

కాబట్టి ఎలక్ట్రిక్ హీటర్ అంటే రిసార్టు ఆవరణలోనో, తెలిసినవాళ్ల పొలం దగ్గరో, టూరిజం హోటల్ పార్కింగ్‌లోనో దొరికే కరెంటు మీద నడిచేదే. విదేశాల్లోలాగా క్యారవాన్ల కోసం ప్రత్యేకంగా బిగించిన కరెంటు స్తంభాలు మన దగ్గర అరుదు. ఎక్కువసార్లు ఏదో గది కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగాల్సిందే. యజమానితో ముందే మాట్లాడుకుని, యూనిట్‌కు ఇంతని డబ్బు ఇస్తే గొడవ ఉండదు. రాత్రంతా వెయ్యి వాట్లు నడిస్తే ఎనిమిది యూనిట్లు. వాళ్లకు చెప్పకుండా చేసే పని కాదు.

అక్కడ చూడాల్సిన మొదటి విషయం ప్లగ్ పాయింట్ సైజు. చిన్న సాకెట్ ఆరు యాంప్స్‌ది, 230 వోల్టుల మీద 1,380 వాట్ల వరకే. పెద్ద రంధ్రాల పవర్ ప్లగ్ పదహారు యాంప్స్. 2,000 వాట్ల హీటర్ 8.7 యాంప్స్ తీసుకుంటుంది కాబట్టి దాన్ని చిన్న సాకెట్‌లో పెట్టడానికి కన్వర్టర్ ప్లగ్ తగిలించడమంటే, గోడ లోపలున్న సన్నని వైరు మీద పరీక్ష పెట్టడమే. పాత గెస్ట్‌హౌస్‌లలో గీజర్ పాయింట్ ఒక్కటే పవర్ ప్లగ్. అదీ బాత్రూంలో ఉంటుంది. అప్పుడు 1,000 వాట్ల స్విచ్చు మీద చిన్న సాకెట్‌తో సరిపెట్టుకోవడమే తెలివి. రెండు వేల వాట్ల బ్లోయర్‌కు వెయ్యి, రెండు వేలు అని రెండు మెట్లు ఉండేది ఇందుకే పనికొస్తుంది. వెయ్యి వాట్లే చాలేట్టుగా బండికి ఇన్సులేషన్ ఉంటే ఈ గొడవే లేదు.

రెండోది వైరు. కంప్యూటర్‌కు వాడే స్పైక్ బస్టర్‌తో హీటర్ నడపడం ఎక్కువగా జరిగే పొరపాటు. ఇరవై మీటర్ల 1 స్క్వేర్ ఎంఎం వైరు మీద 2,000 వాట్లు నడిస్తే, ఆరు వోల్టులకు పైగా దారిలోనే పోతాయి. సుమారు 55 వాట్లు వైరునే వేడి చేస్తాయి. నేల మీద పొడవుగా పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది, చేతికి గోరువెచ్చగా తెలుస్తుంది అంతే. మిగిలిన వైరును చుట్ట చుట్టి సీటు కింద తోసేస్తే మాత్రం వేడి బయటికి పోయే దారి లేక చుట్ట మధ్యలో పైతొడుగు మెత్తబడుతుంది. కోఠి ట్రూప్ బజార్‌లో మూడు తీగల 2.5 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్ వైరు మీటర్ల లెక్కన కొని, రెండు చివరలా 16 యాంప్స్ ప్లగ్గు, సాకెట్ బిగించుకుంటే ఖర్చు హీటర్ ధరకు దగ్గర్లోనే అవుతుంది. హీటర్ కంటే ముందు కొనాల్సింది అదే. బయట వేసే వైరు కాబట్టి జాయింట్ నేల మీద, మంచు నీళ్లలో పడకుండా చూసుకోవాలి. పూర్తిగా విప్పి పరచడం సంగతి చెప్పనక్కర్లేదు.

మూడోది ఎర్తింగ్, దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. బండి రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది, అంటే భూమితో సంబంధం లేదు. హీటర్‌లోనో, వైరింగ్‌లోనో ఫేజ్ లీకై బాడీకి తగిలితే బండి రేకు మొత్తానికి కరెంటు పారుతుంది. లోపల ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. పొద్దున్నే తడి గడ్డి మీద నిలబడి తలుపు పిడి పట్టుకున్నవాడికి తగులుతుంది. మూడో పిన్ను విరగ్గొట్టిన ప్లగ్గులు, ఎర్త్ తీగే లాగని పాయింట్లు ఊళ్లలో మామూలే. మూడు లైట్లుండే చిన్న సాకెట్ టెస్టర్ దగ్గరుంటే ఎర్త్ ఉందో లేదో పెట్టగానే చెప్తుంది. బండి లోపలికి కరెంటు వచ్చే చోటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ, లోడు మించితే ఆపేసే తగిన ఎంసీబీ పెట్టించాలి. బాడీని ఎర్త్ తీగకు కలపాలి. బండి కట్టే వర్క్‌షాపుల్లో ఇది అడిగితేనే చేస్తారు, అడక్కపోతే ‘ఏం కాదు సార్’ అంటారు.

లో వోల్టేజ్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో, ఫీడర్ చివరన ఉన్న ఊళ్లలో సాయంత్రం వోల్టేజ్ 190కి పడిపోవడం వింతేమీ కాదు. తీగ హీటర్ల పవర్ వోల్టేజ్‌తో పాటు మామూలుగా తగ్గదు, దాని వర్గంతో తగ్గుతుంది. 190 వోల్టుల మీద 2,000 వాట్ల బ్లోయర్ ఇచ్చేది 1,365 వాట్లే. ‘హీటర్ పాతబడింది’ అని తిట్టుకునేముందు వోల్టేజ్ చూడాలి. రెండు మూడు వందల రూపాయల ప్లగ్-ఇన్ వోల్ట్ మీటర్ ఈ అనుమానం తీరుస్తుంది.

ఇప్పుడు రకాలకు వస్తే, బ్లోయర్ చవక, కిలోన్నర రెండు కిలోల బరువు, స్విచ్చు వేసిన నిమిషంలో వేడి. చిన్న గది కాబట్టి ఐదు నిమిషాల్లో తేడా తెలుస్తుంది. కానీ ఫ్యాన్ మోత, మంచానికి మూడడుగుల దూరంలో రాత్రంతా భరించడం కష్టం. థర్మోస్టాట్ హీటర్‌లోనే ఉండటంతో గది వేడెక్కకముందే తన వేడికే తను ఆగిపోతుంటుంది. సిరామిక్ రకం దీనికంటే ఒక మెట్టు మేలు. వేడి పెరిగేకొద్దీ ఆ సిరామిక్ ముక్క నిరోధం పెరిగి కరెంటు తనంతట తనే తగ్గించుకుంటుంది. రాత్రి దుప్పటి జారి ముందు పడినా, తీగలాగా ఎర్రగా కాలదు. అలాగని దుప్పటి దగ్గర పెట్టమని కాదు. ఇరుకు చోటికి ఇదే నప్పుతుంది. గోడ సాకెట్‌కే వేలాడే 400 వాట్ల బుల్లి హీటర్లను మాత్రం దీంతో కలిపి చూడొద్దు, వాటి బరువుకు వదులైన సాకెట్లలో పిన్నులు కాలిపోతాయి.

రాడ్ హీటర్‌ని, అదే రెండు క్వార్ట్జ్ గొట్టాలు ఎర్రగా వెలిగేదాన్ని, బండిలో పెట్టుకోకపోవడమే మంచిది. కుదుపులకు గొట్టం పగులుతుంది, కర్టెన్ ఎటు తిప్పినా అడుగు దూరంలోనే ఉంటుంది. తలుపు తీసుకుని గుమ్మం దగ్గర కూర్చుని టీ తాగేటప్పుడు అది కాళ్లకు వెచ్చగా ఉంటుందన్న మాట నిజమే, గాలిని కాకుండా మనిషినే వేడి చేస్తుంది కాబట్టి. ఆ ఒక్క సుఖం కోసం అంత రిస్క్ అక్కర్లేదు.

ఆయిల్ హీటర్ గురించి అభిప్రాయాలు రెండుగా ఉంటాయి. చప్పుడు లేదు, ఎర్రగా కాలేది ఏమీ లేదు, కరెంటు పోయినా నూనె వేడి ఇంకో ఇరవై నిమిషాలు ఆదుకుంటుంది. రాత్రి నిద్రకు దీన్ని మించింది లేదు. కానీ తొమ్మిది రెక్కలది పది కిలోలకు పైమాటే, వేడెక్కడానికి అరగంట, నడిచే దారిలో సగం అదే ఆక్రమిస్తుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో కట్టేయకపోతే అదే ఒక ఆయుధం. పడుకోబెట్టి తీసుకెళ్తే, నిలబెట్టి నూనె కిందికి దిగేదాకా ఆగి అప్పుడు స్విచ్చు వేయాలి. రెండు మూడు రోజులు ఒకేచోట మకాం వేసేవాళ్లకు ఇది, రోజుకో ఊరు తిరిగేవాళ్లకు సిరామిక్. ఏది కొన్నా ఐఎస్ఐ గుర్తు, పడిపోతే ఆగిపోయే స్విచ్చు, వేడి మించితే ఆగే కటౌట్ ఉన్నాయో లేదో చూడాలి. షాపులోనే ఆన్ చేయించి ఒరిగించి చూస్తే పడిపోతే ఆగే స్విచ్చు సంగతి తేలిపోతుంది.

ఇన్ని హీటర్ల మధ్య హైదరాబాద్‌వాళ్లు మరచిపోయే వస్తువు ఇంకోటి ఉంది. ఎండాకాలం కోసం బండికి ఏసీ ఎలాగూ పెట్టిస్తారు. కొనేటప్పుడే ‘హాట్ అండ్ కోల్డ్’ ఇన్వర్టర్ ఏసీ తీసుకుంటే, చలికాలంలో అదే బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది. ఒక యూనిట్ కరెంటుకు రెండున్నర, మూడు యూనిట్ల వేడి వస్తుంది. మాటల్లో ‘తక్కువ కరెంటుకు ఎక్కువ వేడి’ అనగలిగేది దీన్నొక్కదాన్నే. 400 వాట్లతో అరకు రాత్రి గడిచిపోతుంది, చిన్న సాకెట్ కూడా చాలు. గడ్డకట్టే చలిలో దాని శక్తి తగ్గుతుంది, బయటి యూనిట్ మీద మంచు పేరుకుంటుంది. తెలుగు రాష్ట్రాల కొండలు, కూర్గ్ వరకూ ఆ బెంగ పెద్దగా లేదు. కొత్తగా బండి కట్టించుకునేవాళ్లకు దీనికి మించిన సలహా లేదు. హీటర్ అప్పుడు అటక మీది సామాను.

బ్యాటరీ మీదే రాత్రి గడపాలంటే గదిని వదిలేసి పరుపును వేడి చేయడం ఒక్కటే దారి. ఒక మనిషి ఎలక్ట్రిక్ బ్లాంకెట్ 60 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది. ఎనిమిది గంటలకు అర యూనిట్ లోపే. పడుకునే ముందు గంటసేపు వేసి, తర్వాత తక్కువ మెట్టుకు తిప్పితే ఇంకా తగ్గుతుంది. దాన్ని పరుపు మీద పరిచి పైన రగ్గు కప్పుకోవాలి, మడిచి వాడకూడదు. పసిపిల్లలకు, మధుమేహంతో కాళ్ల స్పర్శ తగ్గిన పెద్దవాళ్లకు మాత్రం వద్దు, కాలినా వాళ్లకు తెలియదు, చెప్పలేరు.

తలుపులన్నీ బిగించి హీటర్ వేస్తే పొద్దునకు అద్దాల మీంచి నీళ్లు కారతాయి. అది హీటర్ తెచ్చింది కాదు, రాత్రంతా మనుషులు వదిలిన ఊపిరిలోని తేమ. పైకప్పు వెంట్ రెండు వేళ్ల సందు తెరిచి ఉంచితే పోయే వేడి కొద్దిపాటిదే, ప్లైవుడ్ వెనక బూజు మాత్రం పట్టదు. వేడి కోసం గ్యాస్ స్టవ్ వెలిగించడం, బొగ్గుల కుంపటి లోపల పెట్టుకోవడం ప్రాణాంతకం. ఉత్తరాదిలో ప్రతి చలికాలం మూసిన గదుల్లో అంగీఠీల (బొగ్గుల కుంపట్ల) వల్ల మరణాలు జరుగుతూనే ఉన్నాయి, వ్యాన్ ఆ గదికంటే చిన్నది.

ఇక లేహ్, స్పితి వెళ్లేవాళ్ల లెక్క వేరు. బయట మైనస్ 15 ఉంటే ఇన్సులేషన్ ఉన్న అదే బండికి రెండు వేల వాట్లకు పైన కావాలి, ఆగకుండా. అక్కడ ప్లగ్ పాయింట్‌ను నమ్ముకునే పరిస్థితి ఉండదు. బండి ట్యాంకులోని డీజిల్‌తోనే నడిచే డీజిల్ హీటర్ అక్కడి సాధనం. మండేది లోపలి గాలితో కలవని మూసిన గదిలో, పొగ బయటికి. రెండు కిలోవాట్లది పూర్తి వేగంతో నడిచినా గంటకు పావు లీటరు డీజిల్, బ్యాటరీ నుంచి పది నుంచి ముప్పై వాట్లు చాలు. కార్బన్ మోనాక్సైడ్ అలారం దానికి జతగా ఉండాల్సిందే. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి మసి పడుతుంది కాబట్టి ఎత్తైన ప్రదేశాలకు సర్దుకునే మోడలే తీసుకోవాలి. మామూలు డీజిల్ ఆ చలికి చిక్కబడుతుంది. ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని వింటర్ డీజిల్ తెచ్చింది, ట్యాంకు నింపాల్సింది దాంతోనే. లిథియం బ్యాటరీని సున్నా కంటే తక్కువలో చార్జ్ చేస్తే పాడవుతుంది కాబట్టి దాన్ని బండి కింద కాకుండా లోపల, హీటర్ గాలి తగిలే చోట బిగించమని వర్క్‌షాపులో ముందే చెప్పాలి.